గుర్రం ముక్కులో నెత్తురు: మొదటి ధారే హెచ్చరిక

(మన్యం రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో గిట్టుబాటు ధర గురించి, పోడు పట్టాల గురించి, కాఫీ కొనుగోలు గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు నేను గుర్రం గురించి మాట్లాడతాను. పాడేరు, చింతపల్లి, జి.మాడుగుల వైపు రోడ్డు లేని కొండ ఊళ్లలో బియ్యం మూట పైకి ఎక్కాలన్నా, పసుపు, మిరియాలు సంతకు దిగాలన్నా గుర్రమే ఆధారం. మైదానం రైతుకు ట్రాక్టరు ఎంతో, కొండ రైతుకు గుర్రం అంత.

2012 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు, కంచర గాడిదలు, గాడిదలు కలిపి 11 లక్షలకు పైగా ఉన్నాయి. 2019 లెక్కకు అవి ఐదున్నర లక్షలకు పడిపోయాయి. సంఖ్య తగ్గిన పశువుకు వైద్యం కూడా తగ్గిపోతుంది. అందుకే ఈ జబ్బు సంగతి మనమే తెలుసుకోవాలి.

గుర్రానికీ గాడిదకూ గొంతు వెనక, పుర్రె అడుగున, గాలి నిండిన రెండు సంచులు ఉంటాయి. ఆవుకూ గేదెకూ మేకకూ ఇవి లేవు. గుర్రంలో ఒక్కో సంచిలో 300 నుంచి 500 మిల్లీలీటర్ల దాకా గాలి పడుతుంది. డాక్టర్లు వీటిని గట్టరల్ పౌచ్ అంటారు. మెదడుకు నెత్తురు తీసుకెళ్లే పెద్ద రక్తనాళం ఈ సంచి గోడను ఆనుకుని పోతుంది. మింగడానికి పనిచేసే నరాలూ అక్కడే ఉన్నాయి.

తడిసిన గడ్డి మీద పట్టే బూజు జాతిదే ఒకటి ఒక్కోసారి ఆ సంచి గోడకు పట్టుకుంటుంది. పట్టిన బూజు మెల్లగా రక్తనాళాన్ని తినేస్తుంది. నాళానికి చిల్లు పడగానే ముక్కులోంచి నెత్తురు వస్తుంది.

దీని గుర్తులు చెబుతాను. దెబ్బ తగలకుండానే, పరుగెత్తకుండానే, కట్టుగొయ్య దగ్గర నిలబడ్డ గుర్రానికి నెత్తురు కారుతుంది. ఎక్కువగా ఒక్క ముక్కుపుటంలోంచే వస్తుంది. కాసేపటికి దానంతట అదే ఆగిపోతుంది. మనిషి "వేడి చేసింది, తగ్గిపోయింది" అనుకుంటాడు. కొన్ని రోజులకో వారాలకో మళ్లీ వస్తుంది. ఆ తర్వాత ఒక రోజు ఆగకుండా పోసి గుర్రం పడిపోతుంది. ఇలా నెత్తురు కారిన గుర్రాలను ఆపరేషన్ లేకుండా వదిలేస్తే దాదాపు సగం చనిపోతాయని పశువైద్యం చెబుతోంది. కొన్నిటికి మేత మింగుడు పడదు, తిన్నది ముక్కులోంచి వస్తుంది. కొన్నిటికి ఒక పక్క కనురెప్ప వాలిపోతుంది.

మొదటి ధారకూ చివరి ధారకూ మధ్య ఉన్న ఆ గడువే మన చేతిలో ఉన్నది. దాన్ని పోగొట్టుకోకూడదు.

నెత్తురు కనబడగానే బరువు దించేయండి. నీడలో, సందడి లేని చోట కట్టండి. ముక్కుల్లో గుడ్డలు కుక్కకండి. గుర్రం నోటితో ఊపిరి పీల్చుకోలేదు, ముక్కు మూస్తే చచ్చిపోతుంది. నూనె, కషాయం గొంతులో పోయకండి. మింగే నరం దెబ్బతిని ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 1962 నంబరుకు ఫోన్ చేయండి. నెత్తురుతో పాటు జిగురు చీము కారినా, ఒంటి మీద పుండ్లు లేచినా అది గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటుకుంటుంది. ఆ గుర్రాన్ని వేరుగా కట్టి, వట్టి చేతులతో ముట్టకుండా వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఇక వైద్యం సంగతి. ముందు ఎండోస్కోప్, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టం, ముక్కులోంచి పంపి ఏ పక్క సంచిలో బూజు ఉందో చూస్తారు. మందులతో బూజు తగ్గడానికి చాలా రోజులు పడుతుంది. నెత్తురు అన్నాళ్లు ఆగదు. కాబట్టి ఆ నాళాన్నే మూసేయాలి. మెదడుకు అవతలి పక్క నాళం నుంచి కూడా నెత్తురు అందుతుంది గనుక గుర్రం తట్టుకుంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కాలువ రైతులకు ఇది బాగా అర్థమవుతుంది. రెండు కాలువలు చివర కలిసి ఉన్నప్పుడు ఒకదానికి గండి పడితే, పై తూము మూస్తే చాలదు. రెండో కాలువ నీరు ఎదురెక్కి వచ్చి గండిలో పోస్తుంది. గండికి ఇటూ అటూ అడ్డుకట్ట వేయాలి. గుర్రం మెదడు కింద నాళాలూ అలాగే కలిసి ఉంటాయి. పాత పద్ధతిలో గుండె వైపు మాత్రమే దారంతో కట్టేవాళ్లు, కొన్ని గుర్రాలకు మళ్లీ కారేది. 1980లో అమెరికా డాక్టర్లు బెలూన్ ఉన్న గొట్టంతో లోపలి నుంచి మూసే పద్ధతి చూపించారు. తర్వాత ఇంకా తేలికైనది వచ్చింది. మెడ దగ్గర చిన్న కోత పెట్టి, రక్తనాళంలోకి సన్నటి గొట్టం పంపి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ, చిల్లుకు రెండు పక్కలా చిన్న తీగచుట్టలు వదులుతారు. వాటి చుట్టూ నెత్తురు గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. నెత్తురు అందని బూజు చాలా గుర్రాల్లో క్రమంగా ఎండిపోతుంది. అయితే అప్పటికే చెడిన నరాలు అన్నిసార్లూ బాగుపడవు. అందుకే తొందర అవసరం.

ఈ విద్య పెరిగింది పందెం గుర్రాల కోసం. లక్షలు పలికే గుర్రానికి ఉన్న వైద్యం, ఇల్లు గడిపే గుర్రానికి ఎందుకు ఉండకూడదు? "గుర్రం ధర కంటే ఆపరేషన్ ఖర్చు ఎక్కువ" అనేవాళ్లు ఉంటారు. ఆ గుర్రం పోతే ఆ ఇంటి పంట సంతకు ఎలా దిగుతుందో వాళ్లే చెప్పాలి. మండలానికో ఎక్స్‌రే తెర ఇమ్మని మనం అడగడం లేదు. అడుగుతున్నవి నాలుగే.

ఒకటి, అల్లూరి సీతారామరాజు జిల్లాలో గుర్రానికి సరిపోయే పొడవున్న ఎండోస్కోప్, దాన్ని వాడటం వచ్చిన డాక్టరు ఉండాలి. అది ఆవులకూ పనికొస్తుంది.

రెండు, తిరుపతి, రాజేంద్రనగర్ పశువైద్య విశ్వవిద్యాలయాల్లో ఈ తీగచుట్టల ఆపరేషన్ నేర్పాలి, చేయాలి. హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం సాయం తీసుకోవాలి.

మూడు, అక్కడికి గుర్రాన్ని తరలించే ఖర్చు ప్రభుత్వం భరించాలి.

నాలుగు, 2024లో పశు బీమాలో రైతు వాటా ప్రీమియాన్ని 15 శాతానికి తగ్గించారు. ఆ బీమా శిబిరాలు సంతల దగ్గరే పెట్టి గుర్రాలను నమోదు చేయాలి.

ఈ నెలలో మీ ఊళ్లో గుర్రాలు ఎన్ని ఉన్నాయో, ముక్కు నెత్తురుతో ఎన్ని పోయాయో రాసి సంఘానికి ఇవ్వండి. లెక్క లేకుండా వెళితే అధికారి "గుర్రాలెక్కడున్నాయి?" అంటాడు. కాగితం పట్టుకుని వెళదాం. అందరం కలిసి వెళదాం.