ఆర్‌ఎక్స్ 100కి ఏ టైర్ వేయాలి? లావు టైర్ మోజు, అసలు లెక్క

పాత బండ్ల గురించి మాట్లాడిన ప్రతిసారీ నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తుంటాయి. "అన్నా, మా నాన్న ఆర్‌ఎక్స్ 100ని షెడ్‌లోంచి బయటికి తీశాం. టైర్లు పెద్దగా అరగలేదు. అయినా మార్చాలా? మారిస్తే వెనక లావుది వేయొచ్చా?" అని.

ముందు జవాబు చెప్పేస్తా. ఏళ్ల తరబడి షెడ్‌లో ఉన్న టైరైతే, అరగకపోయినా మార్చండి. లావుది మాత్రం వద్దు. ఎందుకో ఇప్పుడు చూద్దాం.

ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో ఆగిపోయింది. ప్రభుత్వ రూల్ ప్రకారం వింటేజ్ అనాలంటే బండికి 50 ఏళ్లు దాటాలి. కాబట్టి కాగితం మీద ఇది ఇంకా వింటేజ్ కాదు. కానీ ఇంట్లో దాన్ని చూసుకునే తీరు వేరు కదా! ట్యాంక్‌కి పెయింట్, సైలెన్సర్‌కి క్రోమ్, కొత్త సీట్ కవర్, అన్నీ చేయిస్తాం. టైర్ దగ్గరికి వచ్చేసరికి "ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే" అంటాం. ఈ బండికి ఏబీఎస్ లేదు, రెండు పక్కలా డ్రమ్ బ్రేకులే. వానలో సడన్‌గా బ్రేక్ కొడితే మిమ్మల్ని కాపాడేది నేలను తాకుతున్న అరచేయంత రబ్బరు. పెయింట్ ఎంత బాగున్నా ఆ టైంలో పనికి రాదు.

మొదటి విషయం, టైర్ వయసు. టైర్ పక్కన ఒక చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. ఉదాహరణకి 2319 అని ఉంటే, 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఒక్కోసారి ఇది ఒక పక్కే ఉంటుంది, కాబట్టి రెండు పక్కలా వెతకండి. నాలుగు బదులు మూడే అంకెలున్నాయంటే ఆ టైర్ 2000కి ముందుది. దాన్ని దాచుకోండి, దాని మీద మాత్రం తిరగొద్దు.

బండి నడపకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి దాన్ని గట్టిపరుస్తాయి. టైర్ తిరుగుతుంటే లోపలి మైనం పైకి వచ్చి రబ్బరుని కొంత కాపాడుతుంది. కదలకుండా నిలబెట్టిన బండికి ఆ లాభం కూడా ఉండదు. అందుకే పక్కల్లో సన్నని పగుళ్లు మొదలవుతాయి. 5 ఏళ్లు దాటాక ఏటా చెక్ చేయించమని, 10 ఏళ్లు దాటితే చూడ్డానికి బాగున్నా మార్చేయమని చాలా టైర్ కంపెనీలు చెప్తాయి. ఇక అరుగుదల సంగతికి వస్తే, టూవీలర్‌కి గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదన్నది మన మోటారు వాహనాల రూల్. అది కనీసం మాత్రమే. వానాకాలంలో అంతవరకూ ఆగకండి.

రెండో విషయం, సైజు. ఆర్‌ఎక్స్ 100కి ముందు 2.50-18, వెనక 2.75-18. మొదటి అంకె టైర్ వెడల్పు, రెండోది రిమ్ము సైజు, రెండూ ఇంచుల్లోనే. కొత్త టైర్ల మీద 80/100-18 లాగా రాస్తారు. అంటే 80 మిల్లీమీటర్ల వెడల్పు, ఎత్తు అందులో 100 శాతం, రిమ్ము 18 ఇంచులు. పాత పద్ధతిలో ఎత్తు వేరేగా రాయరు, దాదాపు వెడల్పు ఎంతో ఎత్తూ అంతే అనుకోవచ్చు.

ఇప్పుడు లావు టైర్ లెక్క చేద్దాం. బీటెక్ చదివినందుకు ఇక్కడైనా వాడుకోవాలి కదా! 2.75-18 టైర్ మొత్తం ఎత్తు సుమారు 597 మిల్లీమీటర్లు. రీల్స్‌లో కనిపించే 100/90-18 అయితే 637. అంటే చక్రం 4 సెంటీమీటర్లు పెద్దదైంది, దాదాపు 7 శాతం. ముందు స్ప్రాకెట్‌కి 14 పళ్లున్న బండికి 15 పళ్లది వేస్తే ఎంత తేడానో, ఇదీ అంతే. ఆర్‌ఎక్స్ 100 అంటే 98 సీసీ ఇంజిన్, సుమారు 11 హార్స్‌పవర్. ఏ పికప్ కోసం ఆ బండిని ప్రేమిస్తున్నామో, దాన్నే మన చేత్తో తగ్గించుకుంటున్నాం. పైగా బరువైన చక్రాన్ని తిప్పాలి, ఆపాలి కూడా, అదే పాత డ్రమ్ బ్రేక్‌తో.

"లావుగా ఉంటే గ్రిప్ ఎక్కువ కదా బ్రో" అంటారు. రిమ్ము కూడా వెడల్పుదైతే ఆ మాట ఆలోచించొచ్చు. ఆర్‌ఎక్స్ రిమ్ము సన్నది. సన్న రిమ్ములో లావు టైర్ ఇరికిస్తే రెండు అంచులూ దగ్గరికి నొక్కుకుని, మధ్యలో టైర్ గుడ్డు కొనలా పైకి లేస్తుంది. అప్పుడు మధ్య భాగమే ఎక్కువ అరుగుతుంది, మలుపులో వెనక ఊగినట్టుంటుంది.

ఇంకో ప్రమాదం షాపులో కనిపించదు. స్టాండ్ వేసినప్పుడు చక్రం హాయిగా తిరుగుతుంది. వెనక మనిషి కూర్చుని గుంతలో పడ్డాక షాక్ అబ్జార్బర్ లోపలికి దిగి, టైర్ మడ్‌గార్డ్‌కి తగులుతుంది. చైన్, బ్రేక్ రాడ్ పక్కన కూడా ఖాళీ చూసుకోవాలి. వెనక ఇంకాస్త నిండుగా కావాలనిపిస్తే 3.00-18 దగ్గర ఆగండి. దాని ఎత్తు 610 దాకా వస్తుంది, తేడా 2 శాతమే. అదీ ఇద్దరు కూర్చుని చూశాక, ఎక్కడా తగలకపోతేనే. ఒరిజినల్ సైజు దొరకదేమో అన్న భయం వద్దు. 2.75-18 అంటే పాత స్ప్లెండర్ సైజే, ఏ ఊళ్లో అయినా ఉంటుంది.

మూడో విషయం, సైజు పక్కన ఉండే కోడ్. 42 అంటే ఆ టైర్ 150 కేజీలు మోస్తుంది, 48 అంటే 180 కేజీలు. పక్కన పి అనే ఇంగ్లీష్ అక్షరం ఉంటే గంటకి 150 కిలోమీటర్ల దాకా ఓకే. వెనక టైర్‌కి బండి బరువులో సగానికి పైగా, ఇద్దరు మనుషులు, లగేజీ, అన్నీ పడతాయి. కంపెనీ ఇచ్చినదానికంటే తక్కువ కోడ్ ఉన్నది చవగ్గా వచ్చినా తీసుకోవద్దు.

నాలుగోది, ట్యూబు. స్పోక్స్ రిమ్ముకి చిల్లులుంటాయి కాబట్టి గాలి నిలవాలంటే ట్యూబు ఉండాల్సిందే. టైర్ కొత్తది వేసి ట్యూబు పాతదే ఉంచొద్దు. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, లోపల మడత పడితే అక్కడే చిరుగుతుంది. ట్యూబు పగిలితే గాలి ఒక్కసారిగా పోతుంది. అది ముందు చక్రమైతే హ్యాండిల్ మీ చేతిలో ఉండదు. ట్యూబు మీద సైజు చదవండి, కింద రిమ్ము టేప్ కూడా కొత్తది వేయించండి. టైర్ ఎలాగూ విప్పారు కాబట్టి రిమ్ము లోపల తుప్పు, బయటికి పొడుచుకొచ్చిన స్పోక్ కొనలు చూడమనండి. కొత్త ట్యూబుని చంపేవి అవే.

ఎక్కించాక మూడు చూడండి. బాణం గుర్తు చక్రం ముందుకు తిరిగే వైపే ఉందా? రిమ్ము అంచు దగ్గర టైర్ గీత చుట్టూ ఒకే దూరంలో ఉందా? గాలి మాన్యువల్‌లో ఉన్నంతే పెట్టారా? కొత్త టైర్ పైన జారుడుగా ఉంటుంది. మొదటి 100, 150 కిలోమీటర్లు గట్టిగా వంచొద్దు, సడన్ బ్రేక్ కొట్టొద్దు.

షాపులో కూడా ఎక్కించే ముందే ఆ నాలుగు అంకెలు చదవండి. 2.50-18 లాంటి సైజు నెమ్మదిగా అమ్ముడుపోతే మూడు నాలుగేళ్లుగా ర్యాక్‌లోనే ఉండొచ్చు. "తాజాది ఇవ్వండన్నా" అని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. పాల ప్యాకెట్ మీద తేదీ చూడమా ఏంటి?

ఈ వీడియో అయ్యాక ఒక పని చేయండి. ఫోన్ టార్చ్ వేసి మీ ఇంట్లో ఉన్న బండి టైర్ల మీద తేదీ చదవండి. పాతదే కానక్కర్లేదు, అమ్మ నడిపే స్కూటీ అయినా సరే. 10 ఏళ్లు దాటితే ఈ నెల పెట్రోల్ డబ్బులు కాస్త తగ్గించుకుని టైర్ మార్చండి. నెక్స్ట్ ఎపిసోడ్ డ్రమ్ బ్రేకుల గురించి. హెల్మెట్ పెట్టుకోండి, ఉంటా మరి, బై!