గుడ్లకా, మాంసానికా? పెరటికోళ్ల రకం ఎంచుకునే ముందు నాలుగు మాటలు
(లబ్ధిదారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెరటికోళ్ల పథకంలో మీ పేరు వచ్చింది, సంతోషం. చాలామంది "ఏ పిల్లలిచ్చినా తీసుకుంటాం సార్" అంటున్నారు. అలా అనకండి. కోడి మీ పెరట్లో తిరగాలి, అప్పు తీసుకుని ఉంటే కిస్తీ మీరే కట్టాలి. అందుకే రకం అడిగి తీసుకోండి.

మన నాటుకోడి ఏడాదికి 50, 60 గుడ్లు పెడితే గొప్ప. అయితే తన గుడ్లు తనే పొదుగుతుంది, పిల్లల్ని తనే తిప్పుకుంటుంది, గద్ద కనబడితే రెక్కల కింద దాచేస్తుంది. ఆ పనికి మనం విలువ కట్టం గానీ, అది చాలా పెద్ద పని.

ఇంట్లో పిల్లలకు గుడ్లు, వారం వారం చేతికి కాస్త డబ్బు కావాలంటే గ్రామప్రియ మంచిది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికే దీన్ని తయారుచేసింది. ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు, గోధుమ రంగువి. కానీ ఆ లెక్క ఊరికే రాదమ్మా! పెంటకుప్ప మీద ఏరుకు తిన్నదానితో సరిపోదు. పొద్దున, సాయంత్రం నూకలు, తవుడు వేయాలి, గుడ్డు పెంకు గట్టిగా ఉండాలంటే నత్తగుల్లల పొడి కలపాలి.

గుడ్లతోపాటు మాంసమూ కావాలంటే అదే సంస్థ తెచ్చిన వనరాజ. గుడ్లు 100, 110 వరకే. పుంజులు మాత్రం తొందరగా బరువొస్తాయి. ఒళ్లు బరువు కాబట్టి కుక్క తరిమితే గ్రామప్రియ అంత చురుగ్గా తప్పించుకోలేదు. పెట్టలకు గింజలు మరీ ఎక్కువేస్తే కొవ్వు పట్టి గుడ్లు తగ్గిపోతాయి.

అసీల్‌కు ధర బాగుంటుంది, గుడ్లు బాగా తక్కువ. (పందేల సంగతి నన్ను అడగొద్దు, అది చట్టవిరుద్ధం.) కడక్‌నాథ్ నల్ల మాంసానికి పేరుంది గానీ, కొనేవాళ్లు ముందే ఖాయమైతేనే దాని జోలికి వెళ్లండి.

ఇక అసలు సంగతి. గ్రామప్రియ, వనరాజ పొదగవు. వాటి గుడ్లు నాటుపెట్ట కింద పెట్టి పిల్లలు తీసినా, ఆ పిల్లలకు తల్లి అంత దిగుబడి రాదు. అంటే ప్రతిసారీ పిల్లల్ని కొత్తగా కొనాలి. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. నన్నడిగితే, గుడ్లకు గ్రామప్రియ పెట్టుకుని, పక్కన రెండు నాటుపెట్టలను, ఒక నాటుపుంజును వదులుకోకండి. అమ్ముకునే గుడ్లకు పుంజు అక్కర్లేదు, పొదగేసే గుడ్లకే కావాలి.

ఒకరోజు పిల్లలు చవక. కానీ మొదటి నాలుగు వారాలూ బల్బు వేడి కావాలి. రాత్రి కరెంటు పోతే తెల్లారేసరికి పిల్లలన్నీ ఒక మూల కుప్పపడి చచ్చిపోతాయి. కరెంటు మీద నమ్మకం లేని ఊళ్లో నాలుగైదు వారాలు పెంచిన పిల్లల్నే అడగండి, ధర ఎక్కువైనా సరే.

తీసుకునేటప్పుడు ఏ టీకాలు వేశారో కాగితం మీద రాయించుకోండి. కొక్కెర తెగులు వస్తే మందు లేదు, టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో ఒకసారి, నాలుగో వారంలో మళ్లీ చుక్కలు వేయాలి. రెండు నెలలప్పుడు సూది వేయించాలి. టీకా సీసా ఐసులోనే తేవాలి, కలిపాక దాచకూడదు. ఒక సీసా చాలా కోళ్లకు వస్తుంది కాబట్టి వీధిలో అందరూ ఒకే రోజు మాట్లాడుకుని పశువైద్యశాలకు కబురు చేయండి.