తాళమేసిన ఇంటికి నోటీసు

(పాలమూరు, నల్లగొండ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు పోవడమంటే ఏమిటో పాలమూరు, నల్లగొండ జనానికి కొత్తగా చెప్పనక్కరలేదు. శ్రీశైలం కింద, నాగార్జునసాగర్ కింద ఊర్లకు ఊర్లు మునిగిన జిల్లాలు మనవి. నీళ్లల్లో మునిగిన ఇల్లు అందరికీ కనపడింది. అప్పులో మునిగే ఇల్లు మాత్రం పక్కింటివాళ్లకు కూడా కనపడదు. ఈరోజు ఆ ఇండ్ల గురించే మాట్లాడుకుందాం.

సహకార బ్యాంకు బాకీ కింద దర్వాజలు ఊడబీక్కుపోయిన రోజులు పెద్దలకు గుర్తున్నాయి. ఇప్పుడు దర్వాజ ఊడబీకరు, దానికి కాగితం అతికిస్తారు. 2002లో కేంద్రం చేసిన సర్ఫేసీ చట్టం బ్యాంకులకు ఆ అధికారం ఇచ్చింది. గిర్వి పెట్టిన ఇంటి కిస్తీలు మూడు నెలలు దాటి ఆగితే అది మొండి బాకీ. ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది. గడువు దాటితే సివిల్ కోర్టులో దావా లేకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. అడ్డం తిరిగితే కలెక్టరు దగ్గరో మేజిస్ట్రేటు దగ్గరో ఉత్తర్వు తెచ్చుకుంటారు. ఆ వెనుక వేలం.

గడువు 60 రోజులు. మరి మన వలస ఎన్ని రోజులు? దసరా వెళ్లగానే పాలమూరు కూలీ ముంబయి, పుణె బస్సెక్కుతాడు. నల్లగొండ నేతన్న మగ్గం ఆపి భీవండి పోతాడు. మళ్లీ వానలు పడేదాకా ఇంటికి తాళమే. ఆ తాళం మీదనే నోటీసు పడుతుంది.

మేము కలిసిన ఒక మేస్త్రీ కుటుంబం సంగతి వినండి. బోరు ఎండింది, ఇంట్లో రోగమొచ్చింది, ఇంటి మీద అప్పు తెచ్చారు. కిస్తీలు కట్టడానికే పుణె పోయారు. ఉగాదికి వచ్చి చూస్తే తలుపుకు వానకు తడిసి, ఎండకు మాడిన కాగితం. దాంట్లో రాసిన గడువు ఎప్పుడో దాటింది. ఆ ఇంటామె మాతో ఒక్కటే మాట అన్నది: "కాగితం అంటించినోళ్లను ఊరంతా చూసిందట. మాకు ఒక్క ఫోను చేసినోళ్లు లేరు."

చట్టంలో బాకీదారుకు హక్కులు లేవా అంటే, ఉన్నాయి. 60 రోజుల నోటీసుకు అభ్యంతరం రాసిస్తే 15 రోజుల్లో బ్యాంకు జవాబు చెప్పాలి. స్వాధీనం చేసుకుంటే 45 రోజుల్లో హైదరాబాదులోని రుణ వసూళ్ల ట్రిబ్యునలుకు పోవచ్చు. లక్ష రూపాయలు దాటని బాకీకి ఈ చట్టం వర్తించదు. అసలు, మిత్తి కలిపి ఐదో వంతుకన్నా తక్కువ మిగిలినా వర్తించదు. వ్యవసాయ భూమికి వర్తించదు. వేలంలో బాకీ, ఖర్చులు పోను మిగిలిన పైసలు ఇంటాయనకే ఇవ్వాలి. అయితే ఈ హక్కులన్నీ నోటీసు చేతికందిన వాళ్లకే అక్కరకొస్తాయి.

మరి మన గ్రామ పంచాయతీ ఏం చేస్తున్నది? ఇంటి నంబరు ఇచ్చేది పంచాయతీ. ఇంటి పన్ను రసీదు ఇచ్చేది పంచాయతీ. అప్పు ఇచ్చేటప్పుడు ఆ కాగితాలన్నీ అడుగుతారు. ఇల్లు గుంజుకునేటప్పుడు మాత్రం పంచాయతీకి ఒక్క మాట చెప్పాలని ఆ చట్టంలో ఎక్కడా లేదు.

పంచాయతీని అప్పుల సంగతిలో నిలబెట్టిన చట్టం ఒకప్పుడు ఉండె. సూక్ష్మరుణ సంస్థల వేధింపులకు ఆడబిడ్డలు ప్రాణాలు తీసుకుంటుంటే, 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్సు వచ్చింది. కిస్తీ ఇంటి ముందు వసూలు చేయొద్దు, పంచాయతీ ఆఫీసులోనో కలెక్టరు చూపిన బహిరంగ స్థలంలోనో తీసుకోవాలన్నారు. రిజర్వు బ్యాంకులో నమోదైన సంస్థలకు ఆ చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. ఆ కాస్త ఆసరా కూడా పోయింది.

ఇది లోకంలో ఎక్కడా లేని కోరిక కాదు. స్కాట్లాండులో 2003 నాటి చట్టం ప్రకారం, ఇల్లు స్వాధీనం కోసం కేసు వేసే బ్యాంకు అక్కడి స్థానిక కౌన్సిలుకు తెలపాలి. 2009 నుంచి అది అమలవుతున్నది. కుటుంబం రోడ్డున పడకముందే కౌన్సిలుకు ఖబరు అందాలని దాని ఉద్దేశం. అక్కడ చేయగలిగింది ఇక్కడ ఎందుకు చేయరు?

బాకీ ఎగ్గొట్టమని మేము చెప్పడం లేదు. మేము అడిగేవి మూడే. ఒకటి, 60 రోజుల నోటీసు ఇచ్చిన రోజే దాని నకలు పంచాయతీకి చేరాలి. రెండు, పంచాయతీ కార్యదర్శి ఆ కుటుంబానికి ఫోను చేసి చెప్పి, మండల న్యాయ సేవల కమిటీకి దారి చూపాలి. మూడు, ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందు ఇంటివాళ్లు ఊర్లో ఉన్నారా, వలస పోయారా అని కలెక్టరు పంచాయతీని అడగాలి. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. ఆ నోటీసును గ్రామసభలో చదవొద్దు. అప్పు కన్నా ముందు మనిషిని చంపేది అవమానం.

చట్టం మారేదాకా చేతులు కట్టుకొని కూర్చోవద్దు. ఈ దసరాకు బస్సులు కదలకముందే మీమీ ఊర్లల్ల వలస పోయే ప్రతి ఇంటి ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసి పంచాయతీలో పెట్టండి. తాళమేసిన తలుపు మీద కాగితం కనపడ్డ రోజే ఆ నంబరుకు ఫోను పోవాలి. ఈ పనికి ఏ జీవో అక్కరలేదు.