అప్పు ఆమె పేరున, అంగడి ఆయన పేరున

(అడవులదీవిలో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆన్‌లైన్ వ్యాపారం పెరగడం వల్ల స్త్రీలకు ఒరిగిందేమిటి అన్నది ఈరోజు మన చర్చనీయాంశం. ఇది నగరాల సంగతి కదా, సముద్రం ఒడ్డున వున్న అడవులదీవికి దీనితో ఏం పని అని కొందరికి అనిపించవచ్చు. రైలు రేపల్లె దగ్గర ఆగిపోతుంది. కాని పార్సిల్ అక్కడ ఆగడం లేదు. బట్టలు, చెప్పులు, వంట సామాన్లు, పిల్లల బొమ్మలు ఫోనులో చూసి తెప్పించుకోవడం మన ఊళ్లలోనూ మామూలైపోయింది. కొనడమే కాదు, కుట్టిన బట్టలు, పెట్టిన పచ్చళ్లు, ఎండబెట్టిన చేపలు ఫోను ద్వారా అమ్ముదామన్న ఆశ కూడా పెరిగింది. ఆ ఆశ మంచిదే. అయితే అది ఎవరి పేరు మీద నిలబడుతోంది అన్నదే నా ప్రశ్న.

ఈ తీరానికి దూరపు వ్యాపారి కొత్త కాదు. మన పక్కనున్న నిజాంపట్నాన్ని విదేశీ వర్తకులు పెటపోలి అనేవారు. 1606లో డచ్చివారు అక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ ‘గ్లోబ్’ అక్కడికి వచ్చింది. వాళ్లు వచ్చింది ప్రధానంగా బట్టల కోసం. ఈ ప్రాంతంలో దొరికే చిరివేరు నుంచి తీసే ఎరుపు రంగుకు ఆ రోజుల్లో గొప్ప పేరు. ఆ బట్టలకు కావలసిన నూలును రాట్నం ముందు కూర్చుని వడికింది ఎక్కువగా ఆడవాళ్లే. చరిత్ర పుస్తకాల్లో ఓడ పేరు వుంది, కంపెనీ పేరు వుంది, వర్తకుల పేర్లు వున్నాయి. నూలు వడికిన స్త్రీల పేర్లు లేవు. నాలుగు వందల ఏళ్ల తర్వాత దూరపు వ్యాపారి మళ్లీ వచ్చాడు. ఈసారి ఓడలో కాదు, ఫోనులో. మన పేరు ఈసారైనా లెక్కలోకి వస్తుందా?

ఈ వ్యాపారం మన దేశంలో ఎలా పెరిగిందో క్లుప్తంగా చూద్దాం. 1991 తర్వాత వచ్చిన సరళీకృత ఆర్థిక విధానాలు విదేశీ పెట్టుబడికి తలుపులు తెరిచాయి. 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ పుస్తకాలు అమ్ముతూ మొదలైంది. సరుకు చేతికి అందాక డబ్బు కట్టే పద్ధతిని 2010లో ప్రవేశపెట్టింది. బ్యాంకు కార్డులు లేని ఇళ్లు కూడా దానితో ఆన్‌లైన్ కొనుగోళ్లలోకి వచ్చాయి. 2013లో అమెజాన్ మన దేశంలో అమ్మకాలు ప్రారంభించింది. 2015లో మీషో వచ్చింది. 2016లో యూపీఐ చెల్లింపులు, జియో చౌక ఇంటర్నెట్ ఒకే ఏడాదిలో వచ్చాయి. 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ 1600 కోట్ల డాలర్లు పెట్టి ఫ్లిప్‌కార్ట్‌లో 77 శాతం వాటా కొనేసింది. 2020లో కోవిడ్ లాక్‌డౌన్‌తో, అంతవరకు అటు చూడనివాళ్లు కూడా ఫోనులో కొనడం నేర్చుకున్నారు.

ఇంత పెరిగినా దేశంలోని చిల్లర వ్యాపారంలో ఆన్‌లైన్ వాటా ఇప్పటికీ పదో వంతుకు మించలేదని అంచనా. అంటే ఎక్కువ భాగం ఇంకా వీధి అంగళ్లలో, సంతల్లో, గంపల్లోనే జరుగుతోంది. అక్కడ కూర్చుని అమ్మేవాళ్లలో స్త్రీలు చాలామంది వున్నారు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ మత్స్యకారుల ఇంట పొయ్యి వెలగాలంటే పచారీ కొట్టు అప్పు ఇవ్వాలి. కొట్టు నడిపే ఆమెకు ఏ ఇంట్లో ఎందరు పిల్లలో తెలుసు, పడవ ఎప్పుడు కదులుతుందో తెలుసు. ఆ నమ్మకం మీదే అప్పు రాస్తుంది. చేతిలో డబ్బున్న నెలలో ఫోనులో కొని, డబ్బు లేని నెలలో ఆమె దగ్గరికి పోతే ఆ కొట్టు ఎన్నాళ్లు నిలుస్తుంది? తక్కువ ధరకు వస్తే కొనుక్కోవద్దని పేదలకు చెప్పే హక్కు మనకు లేదు. ఆ తక్కువ ధర వెనుక ఎవరి కొట్టు మూతపడుతోందో గమనించే బాధ్యత మాత్రం వుంది.

విదేశీ పెట్టుబడి వున్న ఆన్‌లైన్ కంపెనీ తన సొంత సరుకు అమ్మకూడదు, అమ్మేవారికీ కొనేవారికీ మధ్య అంగడిలా మాత్రమే వుండాలి అని మన ప్రభుత్వ నిబంధన. దీన్ని తప్పించుకోవడానికి దారులు వెతుకుతున్నారని విమర్శలు వచ్చాక 2018 డిసెంబరులో నిబంధనను బిగించారు. అది 2019 ఫిబ్రవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. కొద్దిమంది అమ్మకందారులకే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదుపై అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద విచారణ జరపాలని 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ ఆదేశించింది. పెద్ద వర్తకులకే అంగడిలో చోటు సరిగా దొరకడం లేదన్న గొడవ ఇది. ఇక మిషను మీద నైటీలు కుట్టుకునే ఆమె సంగతి చెప్పాలా?

ఆమె లెక్క చూద్దాం. ఇది ఉదాహరణకు వేసిన లెక్క. ఒక నైటీకి గుడ్డ, దారం, కరెంటు కలిపి 170 రూపాయలు అయిందనుకుందాం. 300కు అమ్మింది. కమీషను, పంపే ఖర్చు కింద 70 పోయాయి. మిగిలింది 60. నాలుగు పార్సిళ్లు పంపితే ఒకటి తిరిగి వచ్చింది. ‘నచ్చలేదు’ అన్నారు. పోను రాను ఖర్చు 140 రూపాయలు ఆమె మీద పడింది. మూడింటి మీద వచ్చిన 180లో అది పోతే మిగిలింది 40 రూపాయలు. నాలుగు నైటీలు కుట్టి, మడిచి, కట్టి, పంపినందుకు ఆమె కూలి నలభై రూపాయలు! తిరిగి వచ్చిన నైటీకి మరక పడి వుంటే ఆ నలభై కూడా పోయి, ఎదురు 130 నష్టం. ‘ఇంట్లో కూర్చుని సంపాదించండి’ అనే ప్రకటనల్లో ఈ లెక్క వుండదు. వంట, పిల్లలు, ముసలివాళ్ల సేవ అయ్యాక రాత్రి పది దాటి కుట్టిన గంటలు అసలు ఏ లెక్కలోనూ వుండవు.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. ఆన్‌లైన్‌లో అమ్మాలంటే ఫోను నంబరు, పాన్ కార్డు, బ్యాంకు ఖాతా కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది. పురుషులు సుమారు 49 మంది. ఆ తర్వాత ఫోన్లు పెరిగి వుండవచ్చు. కాని ఇంట్లో ఒకే మంచి ఫోను వుంటే అది ఎవరి జేబులో వుంటుందో మనందరికీ తెలుసు. అందుకని నంబరు భర్తదో కొడుకుదో ఇస్తారు. పాన్ కార్డు ఆయనది. డబ్బు పడే ఖాతా ఆయనది. కుట్టేది ఆమె, అమ్మేది ‘ఆయన’. రేపు కాపురం చెడినా, ఆయన తాగుడుకు బానిసైనా, నాలుగేళ్లు కష్టపడి సంపాదించిన మంచిపేరు, కొన్నవాళ్లు మెచ్చుకుంటూ రాసిన మాటలు, ఖాతాలోని డబ్బు ఏవీ చట్టం దృష్టిలో ఆమెవి కావు.

వింతేమిటంటే, మిషను కొనడానికి తెచ్చిన అప్పు ఆమె పేరునే వుంటుంది. డ్వాక్రా సంఘంలో సంతకం ఆమెది, నెలనెలా వాయిదా కట్టే బాధ్యత ఆమెది. అప్పు ఆమె పేరున, అంగడి ఆయన పేరున! 1985లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు వాటా ఇచ్చింది. పొలం పట్టా, ఇంటి పట్టా స్త్రీ పేరున వుండాలని మనం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాం. ఈ కాలంలో అంగడి ఖాతా కూడా ఆస్తే. దానికీ పట్టా కావాలి.

చట్టం కొంత దారి ఇచ్చింది. ఇదివరకు ఆన్‌లైన్ అంగళ్లలో సరుకు అమ్మే ప్రతివారూ, ఎంత చిన్నవాళ్లయినా, జీఎస్టీ నమోదు చేయించుకోవలసి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి, అమ్మకాలు చట్టం చెప్పిన పరిమితి లోపు వుంటే, పాన్‌తో ఒక నంబరు తీసుకుని నమోదు లేకుండానే అమ్ముకోవచ్చు. కాని సొంత రాష్ట్రం లోపల మాత్రమే. 2014 నుంచి హైదరాబాదు మనకు వేరే రాష్ట్రం. అక్కడున్న మనవాళ్లకు ఈ అంగళ్ల ద్వారా పచ్చడి సీసా అమ్మాలంటే మళ్లీ జీఎస్టీ నమోదు కావాలి. ఆ కాగితాల భయంతోనే చాలామంది ‘ఆయన పేరున కానీ’ అని వదిలేస్తారు. తిండి పదార్థాలకైతే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నమోదు కూడా వుండాలి. చిన్న వ్యాపారం మనదేనని చూపుకోవడానికి ‘ఉద్యం’ నమోదు వుంది. దానికి రుసుము లేదు. అది ఆమె పేరున చేయించడం సంఘాలు వెంటనే చేయగలిగిన పని.

కొనేవారిగా మనకున్న హక్కులు ఇంకాస్త గట్టివి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమలులోకి వచ్చింది. అదే నెలలో ఆన్‌లైన్ వ్యాపారానికి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. ఫిర్యాదు అందినట్టు కంపెనీ 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. పాడైన సరుకు, చూపించిందొకటి పంపిందొకటి అయిన సరుకు అమ్మకందారు వెనక్కి తీసుకోవాల్సిందే. కంపెనీ ఆఫీసు బెంగళూరులో వున్నా, మనం కాపురమున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు. 1915కు ఫోను చేసి తెలుగులో చెప్పుకోవచ్చు. డబ్బు మోసానికైతే 1930. ఇంకో ముఖ్య విషయం: కొన్నవారి అనుమతితో ఆ వస్తువు వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. బిల్లు భర్త పేరున వుందని నోరు మూసుకోనక్కరలేదు.

అయితే ఈ చట్టం కొనేవారిని చూసినంతగా అమ్ముకునే పేద స్త్రీని చూడదు. ఖాతా ఆపేస్తే కారణం తెలుగులో చెప్పాలని, తిరిగి వచ్చిన సరుకు ఖర్చు ఎవరు భరించాలో ముందే తేల్చాలని ఆమె ఏ కార్యాలయానికి వెళ్లి అడగాలి? పార్సిల్ తెచ్చే కుర్రాడి స్థితీ అంతే. అతన్ని భాగస్వామి అంటారు, కార్మికుడు అనరు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి ఇలాంటివారిని గుర్తించి, కంపెనీలు వారి సంక్షేమానికి నిధి ఇవ్వాలంది. గుర్తింపు అక్షరాల్లోనే మిగలకుండా చూడవలసింది సంఘాలే.

నేతపనిలోనూ ఇదే కథ. మన జిల్లాలోని చీరాల చీరలకు ఊరూరా పేరుంది. దేశంలో చేనేత పనివారిలో నూటికి డెబ్బై మందికి పైగా స్త్రీలేనని 2019–20 చేనేత గణన చెప్పింది. కొన్ని రకాల బట్టలను మగ్గానికే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. అయినా మరమగ్గం చీరను చేనేత అని ఫోనులో బొమ్మ పెట్టి అమ్మడం సులువు. వేలితో తాకి చూసే అవకాశం లేని అంగట్లో నిజం చెప్పవలసిన బాధ్యత అంగడివాడిదే కావాలి. కండెలు చుట్టిన ఆమె పేరు కూడా చీరతో పాటు రావాలి.

కాబట్టి మనం చేయవలసిన పనులు స్పష్టంగానే వున్నాయి. ప్రతి సంఘం తన సభ్యుల్లో ఎవరు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారో, ఖాతా ఎవరి పేరున వుందో ఒక పుస్తకంలో రాయాలి. ఆమె పేరున సిమ్ము, పాన్, బ్యాంకు ఖాతా, ఉద్యం నమోదు పూర్తి చేయించాలి. రహస్య సంఖ్య ఆమె దగ్గరే వుండాలి. ఒక్కొక్కరు విడిగా నష్టపోకుండా మండల సమాఖ్య పేరున కలిసి అమ్మే ప్రయత్నం చేయాలి. రాష్ట్రం దాటి అమ్మే చిన్న స్త్రీ వ్యాపారులకు జీఎస్టీ మినహాయింపు అడగాలి. అమ్మకందారు హక్కులకు చట్టం కావాలని అడగాలి. వచ్చే నెల సంఘం సమావేశంలో పొదుపు లెక్క చూసేటప్పుడే ‘నీ అంగడి ఎవరి పేరున వుంది?’ అని ఒకరినొకరు అడగడంతో మొదలుపెడదాం.