కార్టూను బొమ్మలు - పసిపిల్లలు



కార్టూను చిత్రములు పసిపిల్లలు చూడదగినవా, కావా యను ప్రశ్న నేడు ప్రతి గృహమునందును వినవచ్చుచున్నది. ఈ ప్రశ్నకు హైదరాబాదు పాతనగరమును నిదర్శనముగా గైకొనుట సముచితము. ఏలయన, గ్రామములందలి చిక్కులే అచ్చట మరింత ఇరుకుగను, మరింత స్పష్టముగను కన్పట్టును.

చార్మినారు ప్రక్కనున్న లాడ్ బజారులో అమ్ముడుపోవు లక్క గాజులకు రాళ్లు పొదుగు పని అనేక కుటుంబములలో ఇంటివద్దనే జరుగును. ఆ పని చేయువారిలో స్త్రీలు చాలమంది. వేడి లక్క చల్లారక మునుపే రాయి కుదురవలెను. నడుమ చేయి విడిచినచో గాజు చెడును. ప్రక్కన మూడేండ్ల బిడ్డ. గడప దాటిన ఆటోలు, మోటారు సైకిళ్లు. మొగల్‌పురా, షాలిబండ, హుసేనీ ఆలం సందులలో పిల్లలు పరుగెత్తు చోటు స్వల్పము. అట్టి తల్లి బిడ్డ చేతికి సెల్‌ఫోను ఇచ్చినచో దానిని సోమరితనమని నిందించువారు ఒక్క దినము ఆమె పీటపై కూర్చుండి చూడవలెను. ఈ ఉపన్యాసము ఆ తల్లిని తప్పుపట్టుటకు గాదు. ఆమెకు దొరకిన ఆ దాది ఎట్టిదో పరిశీలించుటకు.

బొమ్మలు కొట్లాడుకొనుట పాశ్చాత్యులు నేర్పిన విద్య యనుట న్యాయము కాదు. తోలుబొమ్మలాటలో కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెరమీదికి వచ్చిరన్న తన్నులును తిట్లును తప్పవు. రామరావణ యుద్ధముకంటె ఆ తన్నులకే పిల్లలు ఎక్కువగా నవ్వెడివారు. వారి మోటు మాటలలో కొన్ని ఈ సభలో పలుకదగినవి కావు. అయినను ఆ ఆట చూచి పెరిగిన తరములు దానివలన చెడినవని యెవ్వరును అనరు. 1940వ సంవత్సరమున అమెరికాలో విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా అను నిరువురు సృష్టించిన టామ్, జెర్రీ అను పిల్లియు నెలుకయు చేయునది జుట్టుపోలిగాడు చేసిన పనియే. చూచు తీరులో మాత్రము గొప్ప భేదము కలదు. తోలుబొమ్మలు ఊరికి ఏడాదికి కొన్ని రాత్రులే వచ్చెడివి. పిల్లవాడు అవ్వ ఒడిలో కూర్చుండి చూచెడివాడు, "వానిని ఎందుకు కొట్టెను?" అని అడిగినచో అచ్చటనే సమాధానము దొరకెడిది. తెల్లవారిన పిదప బొమ్మలు పెట్టెలోనికి పోయెడివి. సెల్‌ఫోనులోని బొమ్మలకు పెట్టె లేదు.

1963లో అమెరికాలో ఆల్బర్ట్ బండూరాయు, ఆయన సహచరులును 96 మంది పసిపిల్లలతో జరిపిన ప్రయోగ ఫలితములను ప్రకటించిరి. కొందరు పిల్లల యెదుట ఒక మనిషి గాలి నింపిన పెద్దబొమ్మను కొట్టి తన్నెను. కొందరికి అదే దృశ్యమును చలనచిత్రముగా చూపిరి. ఇంకొందరికి పిల్లి వేషము ధరించిన పాత్ర ఆ పనినే చేయుచున్నట్లు కార్టూను రీతిని చూపిరి. పిమ్మట పరీక్షింపగా, ఏమియు చూడని పిల్లలకంటె ఈ మూడు జట్లవారును ఎక్కువ దురుసుగా ప్రవర్తించిరి. పిల్లిని చూచినవారు మనిషిని చూచినవారికంటె ఏమియు తీసిపోలేదు. "అది ఉత్త బొమ్మయని పిల్లలకు తెలియును గదా" అను ఊరడింపు ఇచ్చట నిలువదు. అయినను ఈ ప్రయోగమును మితిమీరి చాటుటయు తగదు. వారు కొట్టిన బొమ్మ కొట్టుటకే చేసినది. పరీక్షించినది ఆ కొద్దిసేపటి నడవడిని మాత్రమే.

తన్నులకంటె వేగమును గూర్చి ఎక్కువగా ఆలోచింపవలసి యున్నది. వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఏంజెలిన్ లిలార్డ్, జెన్నిఫర్ పీటర్సన్ అను విదుషీమణులు 60 మంది నాలుగేండ్ల పిల్లలను మూడు జట్లు చేసి పరిశీలించి, 2011లో ఫలితమును వెల్లడించిరి. ఒక జట్టు వేగముగా సాగు కార్టూనును 9 నిమిషములు చూచినది. అందు సగటున 11 సెకండ్లకొకమారు దృశ్యము పూర్తిగా మారును. రెండవ జట్టు చూచిన చిత్రము నెమ్మదియైనది. అందు దృశ్యము 34 సెకండ్లు నిలుచును. మూడవ జట్టు ఆ సేపును రంగులతో బొమ్మలు గీయుచు గడపెను. వెంటనే ఓర్చుకొనుట, చెప్పిన మాట మనస్సున నిలుపుకొనుట మొదలగు పరీక్షలు పెట్టగా, వేగపు చిత్రమును చూచినవారు బొమ్మలు గీసినవారికంటె వెనుకబడిరి. నెమ్మది చిత్రమును చూచినవారికి అట్టి నష్టము కానరాలేదు. కావున కార్టూనులన్నియు ఒకే గాటను కట్టదగినవి కావు. ఏది కొనదగినదో తెలియక అంగడినే మూయించుట వంటిది అన్నింటిని నిషేధించుట.

పాతనగరపు పిల్లలకు నెమ్మది రుచించదా యన్నచో, మూసీ దక్షిణపు టొడ్డున సాలార్‌జంగ్ మ్యూజియములోని గడియారమును చూడవలెను. కుక్ అండ్ కెల్వీ వారి ఆ గడియారములో ఒక కమ్మరి బొమ్మ సుత్తితో సెకండ్లను లెక్కించుచుండును. గంట పూర్తియగుటకు కొంచెము ముందుగా గడ్డపు బొమ్మ యొకటి తలుపు తెరచుకొని వెలుపలికి వచ్చి, గంట మ్రోగించి, మరల లోనికి పోవును. ఆ క్షణము కొరకు పెద్దలును పిల్లలును ముందుగానే వచ్చి బల్లలపై కూర్చుందురు. పగలు పండ్రెండు గంటలకైనచో దెబ్బలు పండ్రెండు; అంకెలు నేర్చుకొను బిడ్డకు అంతకు మించిన పాఠము లేదు. అదియు కదలు బొమ్మయే. కాని అందు ఎదురుచూచుటయే అధికము.

హైదరాబాదు కార్టూనులను చూచు నగరము మాత్రమే గాదు, చేయు నగరము కూడ. రాజీవ్ చిలక 2001లో ఇచ్చట స్థాపించిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థ 'ఛోటా భీమ్'ను నిర్మించినది. 2008 నుండి పోగో ఛానెలులో ప్రసారమై అది దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. పరదేశపు వీథులకు మారుగా ధోవతి కట్టిన పిల్లవాడు, పల్లె, అంగడి, అడవి తెరపై కన్పట్టుట సంతోషింపదగినదే. లడ్డూ తిన్నంతనే బలము వచ్చి శత్రువులను చితుకగొట్టుట మాత్రము తల్లులకు నచ్చని విషయము. పాపాయ్ అను వెనుకటి నావికుడు ఆకుకూర తిని బలవంతుడగుచుండెను. దంతవైద్యులు వానినే మెచ్చుకొందురు.

భాష మాట. పాతనగరమున దక్కనీ ఉర్దూ, తెలుగు పలుకు పిల్లలు హిందీ కార్టూనుల పలుకుబడిని ఇట్టే పట్టుకొందురు. బంగ్లాదేశ్ ప్రభుత్వము ఈ చింతతోనే 2013లో హిందీ 'డోరెమాన్'ను నిలిపివేసెను. ఒక భాష అదనముగా వచ్చుట నష్టము కాదు. బొమ్మ మాటాడును గాని వినదు, నష్టమంతయు అందున్నది. పసిబిడ్డకు మాట వచ్చుట తాను పలికినదానికి మరొకరు బదులు పలికినప్పుడే.

వయస్సును గూర్చి వైద్యుల మాట సందేహమునకు తావియ్యదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన సూచనల ప్రకారము ఏడాది నిండని శిశువునకు తెర యెదుట కూర్చుండుట తగదు. ఏడాది బిడ్డకును అంతే. రెండు మొదలు నాలుగేండ్లవారికి దినమునకు ఒక గంటకు మించరాదు, తగ్గినకొలది మేలు.

టెలివిజనుకు కావలి కలదు. పిల్లలు అధికముగా చూచు వేళలలో వారికి తగని కార్యక్రమములు ప్రసారము చేయరాదని 1994 నాటి కేబుల్ టెలివిజన్ నిబంధనలు శాసించుచున్నవి. 2008లో 'షిన్‌చాన్' ప్రసారమును ప్రభుత్వము ఆపించగా, తరువాత అది కోతలతో మరల వచ్చినది. జపానులో 1997 డిసెంబరు 16న 'పోకెమాన్' చిత్రమున ఎరుపు, నీలి వెలుగులు మిక్కిలి వేగముగా మెరయగా 680 మందికి పైగా ఆసుపత్రుల పాలైరి. అటుపిమ్మట అచ్చటి ప్రసారకులు మెరుపులకు హద్దులు విధించుకొనిరి. సెల్‌ఫోనులో ఇంతటి కావలి లేదు. పిల్లలకు ప్రియమైన పాత్రల రూపములనే వాడుకొని భయంకరమైన, అసభ్యమైన వీడియోలు యూట్యూబులో వ్యాపించినవని 2017లో బయటపడినది. ఆ సంస్థ వానిని పెక్కింటిని తొలగించినది. తల్లి మంచి కథను పెట్టి ఇచ్చినను, అది ముగిసిన వెంటనే ఫోను తనంతట తానే మరియొకదానిని, ఆపై మరియొకదానిని తెచ్చి చూపును. దీనినే ఆటోప్లే యందురు. దానిని ఆపివేయు మీట ఫోనులోనే కలదు. చదువుకొన్న ఇంటి పిల్లలెవ్వరైనను చూపగలరు.

గాజులు చేయు తల్లికి చేతులును కన్నులును ఖాళీ లేవు, చెవులు ఖాళీయే. కావున బిడ్డ చెవులకు గొట్టములు తగిలింపక, కథ ఇద్దరికిని వినబడునట్లు ఫోనును గూటిలో నిలుపవచ్చును. ముందురోజు రాత్రియే రెండు మూడు నెమ్మది కథలను ఎన్నుకొని ఉంచవచ్చును. కథ నడుచుచుండగా, రాయి పొదుగుచునే, "ఇప్పుడేమైనది? ఎలుక ఎచ్చట దాగినది?" అని అడుగవచ్చును. బిడ్డ చెప్పు కథ తెరమీది కథకు సరిపోకపోయినను ఫరవాలేదు.