గుండెబరువు కాగితం మీద దించుకుందాం
(ఝపటాపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఖరగ్‌పూర్‌కి గాయాలు కొత్త కాదు. 1965 సెప్టెంబరు 7న పక్కనే ఉన్న కలైకుండ స్థావరం మీద శత్రువిమానాలు దాడి చేశాయి. 2010 మేలో జ్ఞానేశ్వరి, 2023 జూన్‌లో బహనగా దగ్గర కోరమండల్ ప్రమాదాలు ఈ రైల్వే డివిజన్లోనే జరిగాయి. అలాంటివి కళ్ళారా చూసినవాళ్ళకి గాయం మానినా నిద్ర పట్టదు.

మన ఫౌజీలం మాత్రం ఎవరడిగినా "బాగానే ఉన్నానండీ" అంటాం. దీపావళి టపాకాయకి ఉలిక్కిపడతాం, పిల్లల్ని కసురుకుంటాం. ఇది పిరికితనం కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో దీన్నే షెల్‌షాక్ అన్నారు. 1980లో అమెరికా మనోవైద్యులు పి.టి.ఎస్.డి. పేరుతో జబ్బుల జాబితాలో చేర్చారు.

1917లో విల్‌ఫ్రెడ్ ఓవెన్ అనే యువ ఆఫీసరు షెల్‌షాక్‌తో స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో చేరాడు. డాక్టర్ బ్రాక్ అతన్ని ఊరికే పడుకోనివ్వక ఏదో ఒక పనిలో పెట్టాడు, రాయమని ప్రోత్సహించాడు. ఓవెన్ ఆసుపత్రి పత్రిక 'హైడ్రా'కి సంపాదకుడయ్యాడు. అది మన సంచికలాంటిదే! అక్కడ మొదలైన కవితలే అతన్ని చిరస్మరణీయుణ్ణి చేశాయి.

1986లో పెన్నెబేకర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త విద్యార్థులచేత నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున రాయించాడు. తమకు తగిలిన దెబ్బ గురించి జరిగిందీ, మనసుకి అనిపించిందీ కలిపి రాసినవాళ్ళకి అప్పటికప్పుడు బాధ పెరిగింది. కానీ తర్వాతి నెలల్లో వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళడం తగ్గింది.

నా సంగతీ చెప్తాను. మా యూనిట్లో పోయిన ఒక సహచరుడి గురించి ఇరవై ఏళ్ళు ఇంట్లో నోరు విప్పలేదు. రిటైరయ్యాక ఒకరోజు అతనికే ఉత్తరం రాసినట్టు మొదలుపెట్టాను. మొదటిరోజు చెయ్యి వణికింది. నాలుగో రోజుకి అతను పోయిన తీరు కాక, పప్పులో ఇంగువ లేదని అతను లంగరులో అలిగిన సంగతి గుర్తొచ్చింది. మా ఆవిడకి చదివి వినిపించాను. ఇద్దరం నవ్వాం, ఏడ్చాం.

యూనిట్ రహస్యాలు రాయక్కర్లేదు, గుండెలో ఉన్నది చాలు. రాయలేనివాళ్ళు పాడండి, బొమ్మ గీయండి. వీరనారీమణులకూ ఇదే నా మనవి. అయితే మందుకి బదులు ఇది కాదు. బతుకు మీద విరక్తి పుడితే వెంటనే డాక్టర్ని కలవండి, లేదా టెలి మానస్ 14416కి ఫోను చెయ్యండి.

వచ్చే సంచికలో ఇలాంటి రాతలకి, పేరు లేకుండానైనా సరే, నాలుగు పేజీలు కేటాయించమని కార్యవర్గాన్ని కోరుతున్నాను.

జై హింద్.