ఫుడ్ పాయిజనింగ్: నేను బండి మీద నింద వేశా, దొంగ మా రైస్ కుక్కర్‌లో దొరికాడు

ఈ ఎపిసోడ్ కొంచెం ఇబ్బందిగానే మొదలుపెడుతున్నా, ఎందుకంటే ఇందులో తప్పు చేసింది నేనే. 2024 నవంబర్‌లో ఈ ఛానల్‌లో ఒక షార్ట్ వచ్చింది. "ఈ బండి దగ్గర షవర్మా తినకండి, నేను చచ్చి బతికా" అని. మీలో కొందరు చూసే ఉంటారు. మూడో రోజు దాన్ని తీసేశా. ఎందుకు తీసేశానో అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెప్తా.

అప్పటికి నేనింకా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూనే వీడియోలు చేసేవాణ్ణి. కూకట్‌పల్లిలో ఒక ఫ్లాట్, నలుగురం ఉండేవాళ్ళం. పేర్లు వద్దు కానీ ఊర్ల పేర్లతో చెప్తా, మేం పిలుచుకునేది కూడా అలాగే. భీమవరం, కరీంనగర్, నల్గొండ, ఇంకా గుంటూరు. ఆ గుంటూరు నేనే.

ఆ శనివారం మధ్యాహ్నం భీమవరం వాళ్ళ కజిన్స్ ముగ్గురు భోజనానికి వస్తామన్నారు. కుక్కర్ నిండా అన్నం వండాం. వాళ్ళు రాలేదు. సగం అన్నం మిగిలింది. కుక్కర్ వార్మ్‌లో ఉంటే కరెంట్ బిల్లు అని స్విచ్ తీసేసి, మూత పెట్టి అలాగే వదిలేశాం. ఇది గుర్తుపెట్టుకోండి.

రాత్రి ఎనిమిదిన్నరకి నేను, భీమవరం, కరీంనగర్ ముగ్గురం కిందకి దిగి, మెయిన్ రోడ్డు పక్కన బండి దగ్గర షవర్మా తిన్నాం. తలా ఒకటి. నేను మాత్రం ఎక్స్‌ట్రా మయోనైజ్ అడిగి వేయించుకున్నా. నల్గొండ ఆఫీస్‌లో ఉన్నాడు, వాడు ఫ్లాట్‌కి వచ్చేసరికి పన్నెండున్నర దాటింది. మిగతా ఇద్దరూ పడుకున్నారు. వాడికి ఆకలి, నాకేమో ఎడిటింగ్ చేస్తూ మళ్ళీ ఆకలి. కుక్కర్‌లో అన్నం ఉంది, ఫ్రిజ్‌లో గుడ్లున్నాయి. పది నిమిషాల్లో ఎగ్ ఫ్రైడ్ రైస్ చేసి, ఒంటిగంటకి ఇద్దరం బాల్కనీలో కూర్చుని తిన్నాం. వాడికి పొద్దున్నే ఊళ్ళో ఫంక్షన్ ఉంది. ఎంజీబీఎస్‌లో నాలుగున్నర బస్సుకి అని మూడున్నరకే బ్యాగ్ వేసుకుని వెళ్ళిపోయాడు.

వాడు వెళ్ళిన పది నిమిషాలకి నాకు మొదలైంది. వివరాలు వద్దులెండి, మీరు ఏదైనా తింటూ చూస్తున్నారేమో. పొద్దున ఏడు లోపల ఎనిమిది వాంతులు. చివరికి లోపల ఏం లేదు, పసరు తప్ప. గోడ పట్టుకుని నడిచా. జ్వరం లేదు, మోషన్స్ కూడా పెద్దగా లేవు, ఉత్త వాంతులే.

భీమవరం నన్ను పక్క వీధిలో క్లినిక్‌కి తీసుకెళ్ళాడు. డాక్టర్ గారు మూడు ప్రశ్నలు అడిగారు. గత మూడు రోజుల్లో ఏం తిన్నావు? ఏ టైమ్‌కి మొదలైంది? నీతో తిన్నవాళ్ళలో ఇంకెవరికైనా వచ్చిందా?

నేను ఠక్కున "షవర్మా సార్, మయోనైజ్" అన్నా. మూడో ప్రశ్నకి "ఎవరికీ రాలేదు" అన్నా. అసలు ఫ్రైడ్ రైస్ మాటే ఎత్తలేదు. దాచాలని కాదు, గుర్తే రాలేదు. ఇంట్లో చేసుకున్నది నా బుర్రలో "తిన్న వాటి" లెక్కలోకే రాలేదు. కడుపు పాడైతే మనం "బయట ఏం తిన్నావు?" అనే అడుగుతాం కదా. ఆ ప్రశ్నలోనే తీర్పు ఉంది. ఇంటి వంటకి ముందే బెయిల్ ఇచ్చేశాం.

ఇంకోటి, అప్పటి వాతావరణం కూడా అలాంటిదే. హైదరాబాద్‌లో మోమోలు తిని జనం ఆసుపత్రుల పాలైన వార్తలు, ఆ వెంటనే 2024 అక్టోబర్ 30 నుంచి పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ని తెలంగాణ ప్రభుత్వం ఏడాది పాటు నిషేధించడం. ఫోన్ తెరిస్తే అదే టాపిక్. ఆ వార్తలు నిజం, ఆ నిషేధానికి కారణమూ ఉంది. పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉండొచ్చు. కానీ వార్త నిజమైతే నా కేసు కూడా అదే అయిపోదుగా. నేను మాత్రం ఆదివారం మధ్యాహ్నం మంచం మీద నుంచే మ్యాప్స్‌లో ఒక్క స్టార్ ఇచ్చి, ఆ షార్ట్ పెట్టేశా. బండి బోర్డు స్పష్టంగా కనిపిస్తుంది అందులో. అప్పటిదాకా నా వీడియోలు ఐదారొందల మంది చూస్తే గొప్ప. అది 11 వేలు దాటింది. నిజం చెప్పాలంటే ఆ సంఖ్య చూసి వాంతుల బాధ కూడా కొంచెం తగ్గింది.

మంగళవారం రాత్రి నల్గొండ వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. "ఏమైందిరా?" అంటే, "ఏం చెప్పాలన్నా, బస్‌లో ఇజ్జత్ పోయింది. ఎల్బీ నగర్ దాటకముందే షురూ. డ్రైవర్ రెండుసార్లు ఆపిండు. ఫంక్షన్‌ల ఒక్క ముద్ద ముట్టలే" అన్నాడు.

నేను వెంటనే, "నువ్వు కూడా ఆ బండి దగ్గర తిన్నావా?"

"ఏ బండన్నా? నేను శనివారం పన్నెండు దాకా ఆఫీస్‌లనే ఉన్న."

అప్పుడు ఫ్యాన్ తిరుగుతున్నా చెమట పట్టింది నాకు.

నాలుగేళ్ళు ప్రొడక్షన్ సపోర్ట్ చేశా నేను. ఎర్రర్ వస్తే ఎవరికి వచ్చిందో చూడటం ఒక్కటే కాదు, ఎవరికి రాలేదో కూడా చూడాలి. ఇది ఆఫీస్‌లో జూనియర్లకి నేనే చెప్పేవాణ్ణి. ఒక కాగితం తీసుకుని నాలుగు పేర్లు రాశాం. షవర్మా తిన్నది ముగ్గురు, పడిపోయింది ఒక్కడు. షవర్మా తినని వాడు ఒకడు, వాడూ పడిపోయాడు. ఫ్రైడ్ రైస్ తిన్నది ఇద్దరు, ఇద్దరూ పడిపోయారు. తినని ఇద్దరూ రాయిలా ఉన్నారు. మధ్యాహ్నం ఇదే అన్నం వేడివేడిగా నలుగురం తిన్నాం, ఎవరికీ ఏం కాలేదు. వాటర్ క్యాన్ అందరిదీ ఒకటే. ఆరోగ్యశాఖ వాళ్ళు పెళ్ళి భోజనాల్లో ఫుడ్ పాయిజనింగ్ అయితే చేసే పని ఇదే. ఏ ఐటమ్ తిన్నవాళ్ళలో ఎందరికి వచ్చింది, తినని వాళ్ళలో ఎందరికి వచ్చింది అని పక్కపక్కన పెట్టి చూస్తారు.

తర్వాత టైమ్ చూశాం. నాకు తిన్న మూడు గంటల లోపే, వాడికి నాలుగు గంటల లోపు. ఇంత త్వరగా, జ్వరం లేకుండా, వాంతులతో వస్తే సాధారణంగా అది తిండిలో ముందే తయారై ఉన్న విషం. స్టెఫైలోకాకస్ అయితే అరగంట నుంచి ఎనిమిది గంటల్లో, బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా వాంతుల రకం అయితే అరగంట నుంచి ఆరు గంటల్లో కొడుతుంది. సాల్మొనెల్లాకి కనీసం ఆరు గంటలు కావాలి, ఒక్కోసారి ఆరు రోజులు కూడా పడుతుంది. అది వస్తే జ్వరం, మోషన్స్ కూడా ఉంటాయి. నోరోవైరస్‌కి 12 నుంచి 48 గంటలు.

హెపటైటిస్ ఎ అయితే మరీ ఘోరం, 15 నుంచి 50 రోజులు. బీటెక్ థర్డ్ ఇయర్‌లో మా హాస్టల్‌లో నాకు, ఇంకొందరికి పచ్చకామెర్లు వస్తే అందరం ముందురోజు తిన్న పానీపూరీని తిట్టుకున్నాం. నెల కిందట తాగిన నీళ్ళు ఎవరికి గుర్తుంటాయి? పాపం, ఆ పానీపూరీ ఆయనకి కూడా నేను ఒక సారీ బాకీ ఉన్నట్టే.

సరే, మన కుక్కర్‌కి వద్దాం. బాసిల్లస్ సీరియస్ మట్టిలో ఉంటుంది, బియ్యంతో పాటు ఇంటికి వస్తుంది. దాని స్పోర్స్, అంటే గింజల్లాంటివి అనుకోండి, అన్నం ఉడికినా చావవు. వేడిగా ఉన్నంతసేపు నిద్రపోతాయి. 60 డిగ్రీల కిందకి దిగి గోరువెచ్చగా, మూతపెట్టి, గంటలు గంటలు ఉంటే నిద్రలేచి పెరుగుతాయి. పెరుగుతూ ఒక విషం వదులుతాయి. మళ్ళీ వేయిస్తే బ్యాక్టీరియా చావొచ్చు, ఆ విషం మాత్రం పోదు. పెనం మీద పొగలొచ్చేలా వేయించినా అంతే. 1970ల మొదట్లో బ్రిటన్‌లో చైనీస్ రెస్టారెంట్లలో ఫ్రైడ్ రైస్ తిన్నవాళ్ళకి వరసగా ఇలాగే అయింది. అన్నం వండి బయట ఆరబెట్టి, తర్వాత వేయించేవాళ్ళు. అందుకే దీనికి ఫ్రైడ్ రైస్ సిండ్రోమ్ అనే పేరు. మా అన్నం రెండింటికి వండితే పదకొండు గంటలు అలా కూర్చుంది. వాసన? ఏం లేదు. రుచి? బాగుంది, నల్గొండ రెండోసారి వడ్డించుకున్నాడు కూడా.

"మరి మా అమ్మమ్మ రోజూ చద్దన్నం తినేది కదా" అంటారు, తెలుసు. మా అమ్మ కూడా అదే అంది. చద్దన్నం నీళ్ళలోనో మజ్జిగలోనో నానబెట్టి పులిసింది. పులుపు ఈ బ్యాక్టీరియాకి పడదు. ప్రయాణాలకి పులిహోర కట్టుకెళ్ళడంలో ఉన్న తెలివి కూడా అదే. కుక్కర్‌లో మూత కింద చెమటపట్టిన అన్నం చద్దన్నం కాదు. మిగిలితే పళ్ళెంలో పరిచి, త్వరగా చల్లార్చి, గంటా రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టండి. లేదా వార్మ్‌లో ఉంచండి, ఆ బిల్లు నేను కట్టిన క్లినిక్ బిల్లు కంటే చాలా తక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ఇది ల్యాబ్‌లో తేలింది కాదు. మంగళవారానికి అన్నం లేదు, గిన్నె కడిగేశాం. మిగిలిన తిండి కాస్త పారేయకుండా ఫ్రిజ్‌లో ఉంచి ఉంటే పరీక్షకి పనికొచ్చేది. కాబట్టి "అన్నమే" అని వంద శాతం అనలేను. కానీ బండి మీద వేయడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, అది మాత్రం గట్టిగా అనగలను. నిజంగా హోటల్ మీదే అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళ ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కంప్లైంట్ ఇవ్వొచ్చు. షార్ట్ పెట్టడం అంత సరదాగా ఉండదు, అంతే.

ట్రీట్‌మెంట్ గురించి ఎక్కువ చెప్పను, నేను డాక్టర్‌ని కాదు. ఓఆర్ఎస్ లీటర్ ప్యాకెట్ లీటర్ నీళ్ళలోనే కలపండి, గ్లాసులో కాదు. గుక్క గుక్కగా తాగండి. పేరులో ఓఆర్ఎస్ ఉన్న తీపి డ్రింకులు అది కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు అలా వాడొద్దంది. మోషన్‌లో రక్తం, తగ్గని గట్టి జ్వరం, నీళ్ళు కూడా నిలవకపోవడం, యూరిన్ రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్ళండి. చిన్నపిల్లలు, గర్భిణులు, పెద్దవాళ్ళయితే అంతదాకా కూడా ఆగొద్దు.

బుధవారం సాయంత్రం బండి దగ్గరికి వెళ్ళా. షార్ట్ తీసేశా, రివ్యూ తీసేశా, అది చెప్దామని. ఆయన గుర్తుపట్టాడు. అరుస్తాడనుకున్నా, అరవలేదు. కింద నుంచి మయోనైజ్ ప్యాకెట్ తీసి చూపించాడు, ఎగ్‌లెస్. నిషేధం రోజు నుంచే మార్చాడట. సోమ, మంగళ రెండు రోజులూ సగం చికెన్ పారబోశానన్నాడు.

"సారీ అన్నా, వీడియో తీసేశా" అన్నా మళ్ళీ.

"మీరు ఫోన్‌లకెళ్ళి తీసిన్రు సార్. చూసినోళ్ళ మైండ్‌లకెళ్ళి ఎట్ల తీస్తరు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. చికెన్ డబ్బులు ఇస్తానంటే తీసుకోలేదు. షవర్మా అడిగితే ఇచ్చాడు, డబ్బులు మాత్రం లెక్కగా తీసుకున్నాడు. కొత్త వీడియోలో బండి పేరు చెప్పి సారీ చెప్తానంటే వద్దన్నాడు. మళ్ళీ ఆ పేరు పక్కన ఫుడ్ పాయిజనింగ్ అనే మాట ఉండొద్దట. అందుకే ఈ ఎపిసోడ్‌లో పేరు లేదు, సందు గుర్తు లేదు. ఆ షార్ట్ చూసినవాళ్ళకి ఏ బండో తెలుసు, వాళ్ళ కోసమే ఇదంతా. మిగతావాళ్ళు ఏ బండి అని అడగొద్దు, నేను చెప్పను.